ఆనవాలు

ముందు పుత్తూరుకే తీసుకుపోయినారు.
కాలు నొప్పి అంటే మా పక్క ఎవరైనా అదే చేస్తారు.
గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు.
మూడో కట్టు విప్పినాక
ఆ పెద్దాయనే చెయ్యి కడుక్కుంటూ అన్నాడంట:
"ఎముక విరగలేదు దొరసామీ.
ఎముక లోపల ఏందో ఉండాది."

ఆ లోపలిది ఇప్పుడు నా ముందుంది,
అర చెంచా ఎర్రదనం.
సీసా మీద హేమాద్రి, తొమ్మిదేళ్లు, అని నా చేతిరాత.

తిరుపతిలో రాత్రి పదకొండు.
కొండకు పోయే బస్సుల హారన్లు కిటికీ అద్దంలో వణుకుతాయి.
కణాలను వరసలో నిలబెడతాను.
సన్నని నీటిధారలో ఒక్కొక్కటే
నీలి లేజరు ముందు నుంచి పోవాలి.
లోపల ఏముందని అడగను.
ఒంటిమీద ఏముందో చూస్తాను.
పొర మీద మొలిచిన ప్రొటీన్లు,
పేర్లకు బదులు అంకెలు తగిలించుకున్నవి:
పది. పందొమ్మిది. ముప్పై నాలుగు.

ముప్పై నాలుగు పసితనం గుర్తు.
ఎదిగేకొద్దీ రాలిపోవాలి, పాలపన్నులా.
వీటికి రాలలేదు.
ఎదగడం మానేసి
రెండవుతున్నాయి, నాలుగవుతున్నాయి.
కొన్నిటికి కొక్కెం ఉంది,
ఎముక గూడు పంపే పిలుపును అందుకునే కొక్కెం.
అది పట్టుకుని మూలుగలోనే నక్కుతాయి.
పుత్తూరాయన వేలికి తగిలింది ఆ బరువేనేమో.

ఇంకొకటి, నలభై ఏడు.
మంచి కణాలకూ ఉండేదే,
"నన్ను మింగొద్దు, మీవాణ్ణే" అని
కావలి కణానికి చెప్పే మాట.
ఇవి ఆ మాటనే ఒళ్లంతా పూసుకున్నాయి.
కావలిది తడిమి చూసి, దారి వదిలి, పక్కకు జరుగుతుంది.

దొరస్వామికి అలిపిరి దగ్గర సామాన్ల కౌంటర్లో పని.
ఇదంతా చెప్తే తల ఊపినాడు.
"అర్థమైంది మేడమ్.
టోకెను అసలుదే. సంచే మనది కాదు."
నేను రెండేళ్లు చదివి పాసైన పాఠం
ఆయన నోట్లో అంత పొట్టిది.

పందొమ్మిదిని వెతికి పట్టే మందు
ఇరవై ఎనిమిది రోజులు, రాత్రీ పగలూ.
పిల్లోడి భుజాన చిన్న సంచి, సంచిలోంచి గొట్టం.
జుట్టు అంతకు ముందే పోయింది.
ఈ ఊళ్లో గుండును చూసి ఎవరూ ఉలిక్కిపడరు.
బస్సులో పక్కనామె నున్నటి తల నిమిరి
"మొక్కు తీరిందా నాయనా" అంది.
"సగం తీరిందవ్వా" అన్నాడంట వాడు.

ఆడికృత్తిక వెళ్లిన వారానికి
మళ్లీ అర చెంచా ఎర్రదనం.
తెర మీద పందొమ్మిది గడి ఖాళీ.
డాక్టరు సంతోషపడే ఖాళీ.
నాకెందుకో కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.
పక్క గడిలో, ఆ గుర్తు లేని చోట,
చుక్కలు.
ఓ ముప్పై నలభై, చీమల్లా గుంపు కట్టి.

పొద్దున టీ అంగడి దగ్గర దొరస్వామిని అడిగినాను,
ఊరికే అడిగినట్టు:
టోకెను పారేసుకున్న సంచిని ఎట్లా పోలుస్తావు?
గ్లాసు దించకుండానే చెప్పినాడు.
"రంగేంది, పిడి ఎట్లుండాది, జిప్పు యాడ తెగింది, చూస్తా.
ఒక గుర్తు పోతే ఇంకొకటి ఉండనే ఉంటాది మేడమ్.
ఒంటిమీద ఏ గుర్తూ లేని సంచిని
పదిహేడేండ్లలో నేను చూడలా."
అప్పుడు నా మొహం చూసి
టీ తాగడం ఆపినాడు.
ఎందుకడిగినానో ఆయన అడగలేదు.
నేను చెప్పలేదు.

డ్యూటీ అయిపోయింది. అయినా మెట్లెక్కినాను.
ఫ్రిజ్జులో అడుగు అరలో
ఇరవై రెండును వెతికే రంగు, చిటికెన వేలంత సీసా,
గడువు ఇంకా పదకొండు రోజులు.
గొట్టంలో రెండు చుక్కలు.
చీకట్లో పావుగంట ఉంచాలి.

ఉంచినాను.